కౌన్సెలరు వృత్తి నమోదునకు మినహాయింపులు

మనోవ్యథకు లోనైన వ్యక్తితో ఏకాంతమున సంభాషించి, అతని చిక్కును అతనిచేతనే విప్పించుటకు తోడ్పడు వృత్తికి కౌన్సెలింగని నేటి వ్యవహారము. ఈ వృత్తిని అవలంబింపదలచినవాడు ప్రభుత్వముచే నియుక్తమైన మండలి యొద్ద పేరు నమోదు చేయించుకొని తీరవలెనని శాసించిన దేశములు కొన్ని గలవు. అట్టి శాసనము వెలువడినచోట సాధారణముగా, నమోదు లేకయే ఆ పనిని చేయదగినవారెవ్వరో తెలుపు ప్రకరణ మొకటి అందులో చేరుచునే యున్నది. వానినే మినహాయింపులందురు. ఇంజనీరింగు సీట్ల పంపిణీకిని, ఉపాధ్యాయుల బదిలీలకును, రౌడీషీటర్లను ఠాణాకు పిలిచి మందలించుటకును సైతము తెలుగునాట కౌన్సెలింగను పేరే వాడుకలో నున్నది గాని, వానితో ఈ వ్యాసమునకు ప్రసక్తి లేదు.

లైసెన్సు పద్ధతి సంపూర్ణముగా వికసించినది అమెరికా సంయుక్త రాష్ట్రములయందు. 1976లో వర్జీనియా రాష్ట్రము మొదటగా కౌన్సెలర్లకు లైసెన్సు నేర్పరచగా, 2009 నాటి కాలిఫోర్నియా శాసనముతో ఏబది రాష్ట్రములును ఆ వరుసలో చేరినవి. తమ వృత్తిధర్మములో భాగముగా హితము చెప్పు వైద్యులు, న్యాయవాదులు, మతకార్యములో భాగముగా ఓదార్చు పురోహితులు, పాస్టర్లు, అనుభవజ్ఞుల పర్యవేక్షణమున శిక్షణ పొందు విద్యార్థులు, మద్యపానమునుండి బయటపడుటకై తమలో తాము గుమిగూడు స్వయంసహాయ బృందములవారు, ఇట్టివారికి అచటి రాష్ట్రములు సాధారణముగా మినహాయింపు నొసగుచున్నవి. షరతు మాత్రము ఒక్కటే: లైసెన్సు పొందిన కౌన్సెలరను బిరుదమును వారు ధరింపరాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఆలయమున దంపతుల తగవును సర్దుబాటు చేయు అర్చకుడును, తెలుగు క్రైస్తవ సంఘమున దుఃఖితుని ఓదార్చు పాస్టరును తమకు తెలియకయే ఈ మినహాయింపు నీడన పని చేయుచున్నారు. కొన్ని శాసనములు బిరుదమును మాత్రమే కాపాడుననియు, కొన్ని పనిని సైతము కాపాడుననియు గల భేదమును పాఠకుడు మనసున నుంచుకొనవలెను; ముందు చెప్పబోవు విషయమంతయు దాని చుట్టునే తిరుగును.

భారతదేశమున ఈ క్రమము తలక్రిందుగా నున్నది. ఇచట కౌన్సెలరనువానికి ప్రత్యేకమగు లైసెన్సు శాసనము చిరకాలము లేకపోయినందున, మినహాయింపే సాధారణ ధర్మమై, నమోదు విశేష ధర్మమైనది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము వికలాంగులకు సేవచేయు వృత్తులవారిని కొన్ని తెగలుగా విభజించి, అందు క్లినికల్ సైకాలజిస్టులను, వికలాంగులకు ఉద్యోగమార్గము చూపు వృత్తి కౌన్సెలర్లను చేర్చినది. ఆ చట్టపు 13వ సెక్షను ననుసరించి, పట్టికలో పేరులేనివాడు పునరావాస వృత్తి నిపుణుడుగా ప్రభుత్వోద్యోగము చేయరాదు. ఆ హోదాలో ఎచ్చటను వృత్తి నడుపరాదు. ధ్రువపత్రముపై సంతకము చేయరాదు. న్యాయస్థానమున నిపుణుడుగా సాక్ష్యము చెప్పరాదు. ఉల్లంఘించినవారికి ఏడాది వరకు ఖైదుగాని, వేయి రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. చట్టము అమలులోనికి వచ్చునాటికే యోగ్యతాపత్రము గలవారిని ఆరు మాసములపాటు నమోదైనవారినిగానే భావింపవలెనని చేర్చిన నిబంధన, వృత్తి శాసనములలో తరచుగా కానవచ్చు తొలితరపు మినహాయింపునకు మన దేశపు ఉదాహరణము.

అయితే ఈ చట్టమున నిషిద్ధమైనది వికలాంగ పునరావాసమను నిర్దిష్ట క్షేత్రములోని పని మాత్రమే. పెండ్లి చెడిన యువతితోను, పరీక్ష తప్పిన బాలునితోను, అప్పుల పాలైన రైతుతోను మాటలాడి ధైర్యము చెప్పువానిని ఆ చట్టము తాకదు. 2017లో వెలువడి మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము సైకియాట్రిస్టులను, క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక వైద్యపు నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నిర్వచించినది. ఆయుర్వేద, హోమియో, యునాని, సిద్ధ వైద్యములలో మనోరోగశాఖయందు స్నాతకోత్తర పట్టము పొందినవారిని సైతము ఆ పఙ్క్తిలో కూర్చుండబెట్టినది. కౌన్సెలరను పేరును మాత్రము నిర్వచింపలేదు. చట్టకర్తలు దీనిని మరచిరో, బుద్ధిపూర్వకముగనే వదలిరో గాని, ఆ మౌనమువలన దేశములోని కౌన్సెలర్లందఱును ఒక్కసారిగా మినహాయింపు పొందినవారైరి.

ఆ మౌనమును కొంతవరకు భంగపరచినది 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషను చట్టము. దీని అనుసూచియందు ప్రవర్తనా ఆరోగ్యశాస్త్రములను శీర్షిక క్రింద సైకాలజిస్టులు, ఆరోగ్య కౌన్సెలర్లు, హెచ్.ఐ.వి., కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, మానసిక ఆరోగ్య సహాయకులు చోటు చేసికొనిరి. పునరావాస మండలి పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించుచున్నట్లు ఆ పట్టికయే పేర్కొన్నది. ఒకే విద్యకు చెందినవారు ఇట్లు రెండు గుమ్మముల ముందు నిలువవలసి వచ్చుట చక్కని ఏర్పాటనిపించుకొనదు. ఈ చట్టపు పరిధిలోనికి వచ్చుటచేతనే దూరవిద్య ద్వారా మనోవిజ్ఞాన పట్టముల నొసగుటను విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2025లో నిలిపివేసెను. చిన్న పట్టణములలో ఉద్యోగము చేసికొనుచు సాయంకాలములందు ఎం.ఏ. సైకాలజీ చదువుకొనువారికి ఇంతకాలము తెరచియుండిన ద్వారము దీనితో మూతపడినది.

ఈ శాసనముల వెలుగున ఉత్తర కోస్తాంధ్రమును పరిశీలించుట ప్రయోజనకరము. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడగా, 2022 ఏప్రిలులో ఆ రెండింటి కొండ ప్రాంతములు వేరుపడి పార్వతీపురము మన్యము జిల్లాయైనవి. బ్రిటిషువారి కాలమునుండియు ఈ ప్రాంతమునకంతకును ప్రభుత్వ మానసిక వైద్యాలయము విశాఖపట్టణమునందే యున్నది. ఇచ్ఛాపురమునుండి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినగాని అచటికి చేరుట సాధ్యము కాదు. సీతంపేట కొండలలోని సవర గూడెమునుండి బయలుదేరువానికి మొదట బస్సుదారి వరకు నడకయే శరణ్యము. 2015-16 సంవత్సరములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణము, చికిత్స అవసరమైన వ్యాధిగ్రస్తులలో నూటికి 70 నుండి 92 మందికి వ్యాధినిబట్టి చికిత్స అందుట లేదని తేల్చెను. ఆ సర్వేక్షణమునకు ఎన్నుకొనబడిన పండ్రెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము లేదు. కావున ఈ జిల్లాలయందు నమోదులేనివారు కౌన్సెలింగు చేయుట తగునా తగదా యని ప్రశ్నించువాడు, వారిని తొలగించినచో మిగులువారెందఱని ముందుగా లెక్కించుకొనవలెను.

మిగులువారు స్వల్పులు, తొలగింపవలసినవారు ఊరూరను గలరు. కులపెద్దలును, ఊరి పెద్దమనుషులును తగవు తీర్చుచు మనసులను కుదుటపరచుట ఇచట అనాదినుండి సాగుచున్న పద్ధతి. సోది చెప్పు ఎరుకల స్త్రీయు, అమ్మవారు పూనిన గణాచారియు వినువాని దిగులును బయటికి రప్పించుటయందు సామాన్యులు కారు. వీరు చేయునది చికిత్స యని చట్టము భావింపదు; భావింపనంతవరకు వారికి అడ్డు లేదు. కాని 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టము తాయెత్తులతోను మంత్రములతోను ఉన్మాదమును, మూర్ఛను నయముచేసెదమని ప్రకటించుటను నిషేధించినది. అంతకంటె ముఖ్యముగా, మానసిక వ్యాధిగ్రస్తులను చేర్చుకొని ఉంచుకొను ఏ స్థలమైనను, అది ఆలయమైనను దర్గాయైనను, 2017 చట్టము ప్రకారము నమోదు కావలసిన మానసిక ఆరోగ్య సంస్థయే యగును. రోగి తన బంధుమిత్రులతో కలిసి నివసించు గృహమునకు మాత్రమే మినహాయింపు గలదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడియందు గొలుసులతో బంధింపబడియున్న 28 మంది రోగులు పాక నంటుకొన్న మంటలలో మరణించిన పిదపనే ఇట్టి నియమముల ఆవశ్యకత దేశమునకు స్ఫురించెననుట విచారకరము. మాటకు మినహాయింపు గలదు, బంధనమునకు లేదు.

నమోదులేని మనశ్చికిత్స యనదగినదానికి ఈ సీమలో కెల్ల గంభీరమైన ఉదాహరణము సవరల సంప్రదాయమున గోచరించును. గిడుగు రామమూర్తి పంతులు ఎవరి భాషకు వ్యాకరణమును నిఘంటువులను రచించెనో ఆ సవరలు, శ్రీకాకుళ, మన్యము జిల్లాల కొండలయందును, సరిహద్దు కావలి ఒడిశాలోని గంజాము, గజపతి ప్రాంతములయందును నివసించుచున్నారు. ఒడిశా సవరల నడుమ 1970లనుండి జీవించి పరిశోధించిన పియర్స్ విటెబ్స్కీ యను మానవశాస్త్రజ్ఞుడు, 1993లో ప్రకటించిన గ్రంథమున వారి మృతసంవాదములను వర్ణించెను. పూనకమునందున్న పూజారిణి నోట మృతుడు పలుకును. బంధువులు ఆమె చుట్టును చేరి, ఎట్లు చనిపోతివి, ఎవరిపై కోపమున్నది, మాకు వ్యాధి నెందుకు తెచ్చితివి యని ప్రశ్నింతురు, వాదింతురు, ఏడ్తురు, పరిహాసమాడుదురు. ఒక్క నాటితో ముగియు తంతు కాదది. సంవత్సరములు గడచుకొలదిని మృతుని ఆగ్రహము చల్లారి, అతడు కీడుచేయు ఆత్మయన్న స్థితినుండి వంశమును కాపాడు పితృదేవత యన్న స్థితికి మారును. బ్రతికియున్నవారి శోకము సైతము అదే గతిని క్రమముగా శమించును. ఫ్రాయిడు చెప్పిన శోకక్రమముతో ఈ సంవాదములను పోల్చి చర్చించిన ఆ పండితుడు, వీనిని మూఢాచారమని త్రోసివేయక, శోకమును మోయుటకు ఒక జాతి యావత్తును కూడి నిర్మించుకొన్న ఉపాయముగా గ్రహించెను.

అయినను ఈ ఉపాయము నేడు క్షీణించుచున్నది. అదే రచయిత 2017లో వెలువరించిన మరియొక గ్రంథమున, సవర యువకులలో అధికులు బాప్టిస్టు క్రైస్తవమును స్వీకరించుటయు, మృతులతో సంభాషణము సన్నగిల్లుటయు తెలుపబడినవి. పందొమ్మిదవ శతాబ్దమునుండియు కెనడియన్ బాప్టిస్టు మిషనువారు శ్రీకాకుళము, బొబ్బిలి, పాలకొండ ప్రాంతములయందును, జర్మనీనుండి వచ్చిన లూథరన్ మిషనువారు సాలూరు, పార్వతీపురము ప్రాంతములయందును సంఘములు స్థాపించిన చరిత్ర యుండనే యున్నది. పూజారిణి చేసిన ఓదార్పు కార్యము ఇట్లు పాస్టరుకు సంక్రమించినది. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారిన ఈ వృత్తిని ఏ శాసనమును గమనింపలేదు. మతగురువునకు మినహాయింపు నిచ్చు అమెరికా శాసనములు అతడు విన్న రహస్యమును న్యాయస్థానమున చెప్పనక్కరలేదని కూడ విధించినవి. భారతీయ సాక్ష్య శాసనము అట్టి రక్షణమును న్యాయవాదికి కల్పించినదే గాని, మతగురువునకుగాని కౌన్సెలరుకుగాని కల్పింపలేదు. మినహాయింపు పొందినవాడు లైసెన్సు బరువును తప్పించుకొనుటతోపాటు, గోప్యతా రక్షణమును కూడ కోల్పోవుచున్నాడని దీనిచే తెలియవలెను.

న్యాయస్థానముల చుట్టును ఏర్పడిన మినహాయింపులు వేరొక జాతివి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము కౌన్సెలర్ల నియామకమునకు వీలు కల్పించినది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము, ఇరుపక్షములలో ఎవరినైనను లేదా ఇరువురినైనను కౌన్సెలింగునకు పంపు అధికారమును మేజిస్ట్రేటునకు ఒసగినది. దాని క్రింద 2006లో చేసిన నియమావళిని చదివినవారికి ఒక విచిత్రము గోచరించును: కౌన్సెలరుగా నుండరానివారెవ్వరో, అనగా వివాదముతో సంబంధము గలవారు, పక్షములకు బంధువులు, ప్రతివాది తరఫున వాదించిన న్యాయవాది, ఇందు స్పష్టముగా చెప్పబడినది, కౌన్సెలర్లు సాధ్యమైనంతవరకు స్త్రీలై యుండవలెననియు చెప్పబడినది, కాని వారు ఏ విద్య నభ్యసించి యుండవలెనో అంత స్పష్టముగా చెప్పబడలేదు. 2015 నాటి బాలన్యాయ చట్టము, పదునారేండ్లు దాటి ఘోరాపరాధము చేసినాడన్న బాలుని మానసిక స్థితిని అంచనా వేయుటకు అనుభవముగల సైకాలజిస్టుల, మనోసామాజిక కార్యకర్తల, ఇతర నిపుణుల సాయమును బోర్డు పొందవచ్చునన్నది. అనుభవమనుమాటే ఇచట లైసెన్సు స్థానమున నిలిచినది. ఒక బాలుని పెద్దవానివలె విచారింపవలెనా యను నిర్ణయము ఆ మాటపై ఆధారపడియుండుట, ఈ వ్యాసకర్త అభిప్రాయమున, మిక్కిలి బలహీనమైన ఏర్పాటు.

వైద్యశాఖ కార్యక్రమములలోని కౌన్సెలర్లది మధ్యస్థితి. హెచ్.ఐ.వి. పరీక్షకు ముందును పిదపను కౌన్సెలింగు జరిగి తీరవలెనని 2017 నాటి చట్టమే విధించుటచే, పట్టణపు ఆసుపత్రులలోని ఐసీటీసీ (సమీకృత కౌన్సెలింగు, పరీక్ష) కేంద్రములయందు జీతముపై కౌన్సెలర్లు పని చేయుచున్నారు. వారి యోగ్యతను నిర్ణయించుచు వచ్చినది కార్యక్రమపు మార్గదర్శకములే గాని వృత్తిమండలి కాదు. ఉద్దానమున, అనగా కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురము మండలములయందు మూత్రపిండముల వ్యాధి ఇంటింటిని పీడించుచుండగా, డయాలసిసు మంచము ప్రక్కన కూర్చుండి రోగికి ధైర్యము చెప్పునది నర్సు, ఆశా కార్యకర్త, లేదా అదే వ్యాధితో కొంతకాలము గడపిన పొరుగింటివాడు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైన తరువాత సైతము గ్రామమున ఈ పని వారిపైననే యున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, ఒక తరము పెంచిన తోటను ఒక రాత్రిలో కోల్పోయిన రైతును పలుకరించినవారును ఇట్టివారే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములు మనోసామాజిక ఆసరాను, మానసిక వైద్యసేవను జంటగా చర్చించుచు, మొదటిదానిని శిక్షణపొందిన గ్రామ కార్యకర్తలును చేయవచ్చునన్న దృష్టిని అవలంబించినవి. లైసెన్సు శాసనములు గీయదగిన గీత నిజమునకు ఇదియే: ఆసరా అందఱిది, రోగనిర్ణయము కొందఱిది.

ఆ గీత యెంత వాస్తవమైనదో వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమునకు బిడ్డను తీసికొనిపోయిన తల్లికి తెలియును. బుద్ధిమాంద్యము గల బాలునికి పింఛను రావలెనన్నచో శాతము నిర్ణయించు ధ్రువపత్రము కావలెను. దానికి తగిన పరీక్షలను అర్హత గల నిపుణుడే జరుపవలెను. ఊరివారందఱును ఎరిగిన విషయమే యైనను, పెద్దమనుషుల మాట గాని పాఠశాల కౌన్సెలరు వ్రాత గాని ఇచట చెల్లదు. ఇట్టి చోట మినహాయింపు ఉండరాదనుటయే యుక్తము, ఏలయన పొరపాటు జరిగినచో నష్టపోవునది మాటలాడలేని బిడ్డ.

విద్యాలయముల విషయమున ఇటీవల ముఖ్యమైన మార్పు కలిగినది. విశాఖపట్టణమున వసతిగృహములో నుండి వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన ఒక బాలిక 2023లో మరణించిన ఉదంతముపై నడచిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమునకంతకును వర్తించు మార్గదర్శకములను విధించెను. నూరుమంది, అంతకు మించిన విద్యార్థులు గల ప్రతి సంస్థయు, బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యమునందు శిక్షణ పొందినట్లు చూపగల అర్హుడైన కౌన్సెలరునుగాని, సైకాలజిస్టునుగాని, సోషల్ వర్కరునుగాని కనీసము ఒకరినైనను నియమించుకొనవలెను. నూరుమందికి తక్కువ గల సంస్థలకు ఈ నియామకమునుండి మినహాయింపు గలదు. అవి వెలుపలి నిపుణులతో లాంఛనముగా సంబంధ మేర్పరచుకొనిన చాలును. విజయనగరము పట్టణమునగల కళాశాలకు ఈ తీర్పు సులభసాధ్యమే. కాని కురుపాము, గుమ్మలక్ష్మీపురము వైపు కొండలలో నలువది మంది పిల్లలతో నడచు పాఠశాల ఏ నిపుణునితో సంబంధ మేర్పరచుకొనవలెను? మినహాయింపు పొందిన చిన్న పాఠశాలకే సాయము మరింత దూరమున నుండుట ఈ లెక్కలోని లోపము. జనసంఖ్యనుబట్టి గాక దూరమునుబట్టి కూడ మినహాయింపును కొలిచియున్నచో న్యాయముగా నుండెడిది.

మినహాయింపులు వర్తింపని బాధ్యత యొకటి గలదు. పదునెనిమిదేండ్ల లోపు బిడ్డపై లైంగిక నేరము జరిగినదని ఎరిగిన ఏ వ్యక్తియైనను పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసించినది. తెలుపనివారికి ఆరు మాసముల వరకు ఖైదు విధింపవచ్చును. నమోదైన సైకాలజిస్టునకును, పాస్టరునకును, ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయునకును, కులపెద్దకును ఇందు భేదము లేదు. ఇరుపక్షములవారిని కూర్చుండబెట్టి, పరువు పోవునని నచ్చజెప్పి, కొంత సొమ్ముతో తగవు ముగించు పాత పద్ధతి ఈ విషయమున స్వయముగా నేరమని పెద్దమనుషులు గ్రహింపవలెను.

ఇక నిజమైన ప్రమాదమున్నది పట్టణపు వీధులలోని బోర్డులయందు. కొలదిదినముల శిక్షణతో ధ్రువపత్రము పొంది, సైకాలజిస్టననియు థెరపిస్టననియు పేరు ముందు తగిలించుకొని రుసుము వసూలు చేయువారు, గూడెపు పూజారిణికిని గ్రామపు పాస్టరుకును లభించిన మినహాయింపు నీడననే తామును నిలుచుచున్నారు. పూజారిణి తాను పూజారిణిననియే చెప్పుకొనును. పాస్టరు తాను పాస్టరుననియే చెప్పుకొనును. వారి యొద్దకు పోవువాడు తానెచటికి పోవుచున్నాడో ఎరిగియే పోవును. బోర్డును చూచి వచ్చినవానికి ఆ ఎరుక యుండదు. అమెరికా శాసనములు మినహాయింపును ధారాళముగా నొసగియు బిరుదమును గట్టిగా కాపాడుటలోని వివేకము ఇదియే. మన శాసనము క్లినికల్ సైకాలజిస్టను బిరుదమునకు కంచె వేసి, కౌన్సెలరను బిరుదమును బీడుగా వదలినది. 2021 చట్టపు నమోదు సంపూర్ణముగా అమలులోనికి వచ్చునాటికి, సేవకు మినహాయింపును, బిరుదమునకు నిర్బంధమును అను సూత్రమును పాటించినచో ఈ జిల్లాల ప్రజలకు మేలు కలుగును. దీనికి విపరీతముగా ఊరి ఓదార్పును నిషేధించి, ధ్రువపత్రముల వ్యాపారమును నిరాటంకముగా సాగనిచ్చినచో కీడే మిగులును.

అంతవరకు పాఠకుడు చేయదగిన పని సులభమైనదే. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొనువాని నమోదు సంఖ్యను అడుగుట మర్యాదకు భంగము కాదు. పునరావాస మండలి వారి జాతీయ పట్టికయందు ఆ పేరు ఉన్నదో లేదో ఎవరైనను పరిశీలింపవచ్చును. సమీపమున ఎవ్వరును లేనివారికి, 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా లభించుచున్నది, తెలుగులోనే మాటలాడవచ్చును.